చల్లగాలి పొర లోపల ఏం జరుగుతోంది?

జెట్ ఇంజిన్‌లో మండిన వాయువు టర్బైన్ బ్లేడ్లను తాకేసరికి దాని వేడి 1,600 డిగ్రీల సెల్సియస్‌కు చేరవచ్చు. బ్లేడ్లను పోతపోసే నికెల్ మిశ్రమలోహమేమో సుమారు 1,350 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. వాటిని కాపాడేది ముఖ్యంగా గాలే. కంప్రెసర్ నుంచి మళ్లించిన గాలి బ్లేడు కడుపులోకి వెళ్లి, సన్నటి రంధ్రాల్లోంచి బయటికొచ్చి ఉపరితలాన్ని దుప్పటిలా కప్పుతుంది. అంత శ్రమపడి పీడనం పెంచిన గాలిని ఇలా ఖర్చుపెడితే ఇంజిన్ సామర్థ్యం తగ్గుతుంది కనుక, తక్కువ గాలితో ఎక్కువ మేర కప్పాలి. గుండ్రటి రంధ్రంతో అది కుదరదు. జోరు పెరిగితే గాలి పైకి లేచిపోతుంది, దానితోపాటు పుట్టే జంట సుడులు వేడి వాయువును అడుగుకు లాక్కొస్తాయి. రంధ్రం మూతిని వెడల్పు చేస్తే గాలి నెమ్మదించి ఉపరితలాన్ని అంటిపెట్టుకుంటుందని గోల్డ్‌స్టీన్, ఎకర్ట్, బర్‌గ్రాఫ్ 1974లోనే చూపించారు.

అప్పటినుంచి అర్ధశతాబ్దం గడిచినా ఆ గాలి తీరును కంప్యూటర్‌లో నమ్మకంగా లెక్కకట్టడం ఇంకా కష్టమే. పరిశ్రమలో రోజూ వాడే పద్ధతి సుడులను విడివిడిగా లెక్కించదు, వాటి సగటు ప్రభావాన్ని అంచనా వేస్తుంది. ఆ అంచనా తరచుగా గాలిని పక్కలకు తక్కువగా వ్యాపింపజేసి, నడిమధ్యన రక్షణను ఎక్కువ చేసి చూపుతుంది. అడ్డంగా సగటు తీస్తే ఈ రెండు తప్పులూ కొంతవరకు ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి. అందుకే ఉపరితలం మీద కొలిచిన సగటుతో లెక్క సరిపోయిందని తృప్తిపడకూడదంటాను. రంధ్రం ఆకారం మారితే ఆ లెక్కే తలకిందులు కావచ్చు. కొలత గాలి పొర లోపలికి, రంధ్రం గొంతులోకి కూడా వెళ్లాలి.

ఆసుపత్రుల్లో వాడే ఎమ్మారై యంత్రంతో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చేసింది అదే. పెద్ద ప్లాస్టిక్ నమూనాలో గాలికి బదులు నీళ్లు పారించి, మైలతుత్తం కలిపి, లక్షలాది బిందువుల్లో వేగాన్నీ గాఢతనూ కొలిచారు. నిప్పులు చెరిగే ఇంజిన్‌కూ చన్నీళ్లకూ పోలికేమిటని అడగవచ్చు. సుడులు బలంగా ఉన్నచోట కలయికను నిర్ణయించేది అణువుల స్వభావం కన్నా ప్రవాహపు కదలికే, కాబట్టి పోలిక నిలుస్తుంది. పెద్ద సుడులను నేరుగా లెక్కించే సిమ్యులేషన్ వచ్చాక ఈ కొలతలెందుకన్నది ఇంకో ప్రశ్న. ఆ పద్ధతి నిజంగానే మెరుగు. కానీ ఒక్కో బ్లేడుకు వందల రంధ్రాలుంటే, ప్రతి కొత్త డిజైన్‌కూ అంత లెక్క చేయడం తలకు మించిన పని. పైగా అది సరైనదని తేల్చడానికీ కొలతే కావాలి. నీళ్ల ప్రయోగానికి ఒక లోటు మాత్రం ఉంది: ఇంజిన్‌లో చల్లగాలి సాంద్రత వేడి వాయువుకు దాదాపు రెట్టింపు, ఇక్కడ రెండూ సమానం. దాన్ని పూడ్చడానికి గాలి ప్రవాహంలోకి బరువైన కార్బన్ డయాక్సైడ్ వదిలి, ఆక్సిజన్ తగ్గినచోట ఎక్కువగా మెరిసే రంగును ఉపరితలానికి పూసి చూస్తారు. ఎక్కడ మెరిస్తే అక్కడిదాకా దుప్పటి పరుచుకున్నట్టు.