చేయి పెట్టిన చోటే చూడండి!

ఇంటి దగ్గర సర్వీసు చేశాక ఇంజిన్ మొరాయిస్తే కంగారొద్దు.. కారణం చాలాసార్లు కళ్ల ముందే ఉంటుంది

ఆరంబాక్కం: శనివారం దాకా బండి బాగానే ఉంది. ఆదివారం పొద్దున ఇంటి ముందే బానెట్ ఎత్తారు. ఆయిల్ మార్చారు. ఎయిర్ ఫిల్టర్ దులిపారు. ప్లగ్గులు విప్పి తుడిచి బిగించారు. సోమవారం తాళం తిప్పితే.. ఇంజిన్ గజగజ వణుకుతోంది. హైవే ఎక్కి యాక్సిలరేటర్ తొక్కితే పికప్ లేదు. డాష్‌బోర్డులో ఎన్నడూ లేని పసుపు లైటు వెలుగుతోంది. నాలుగు డబ్బులు మిగులుతాయనుకుంటే కొత్త ఖర్చు నెత్తిన పడిందే అని దిగులు!

సరిహద్దు పల్లెల్లో సొంత కారున్న చాలామందికి ఇది తెలిసిన కథే. గుమ్మిడిపూండి సిప్‌కాట్‌కో, తడ, శ్రీసిటీ వైపో రోజూ పనికి వెళ్లేవారికి, కారును బాడుగకు తిప్పేవారికి బండి ఒక రోజు ఆగితే ఆ రోజు సంపాదన పోయినట్టే. కంపెనీ సర్వీసుకు వెళితే డబ్బుతో పాటు పూట కూడా ఖర్చు. అందుకే చిన్నచిన్న పనులు ఇంటి దగ్గరే కానిచ్చేస్తారు. అందులో తప్పేమీ లేదు. పని అయ్యాక ఇంజిన్ తేడా చేస్తే ఎక్కడ వెతకాలో తెలియకపోవడంతోనే చిక్కంతా. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకునేది అక్కడే.

నిన్నటిదాకా చక్కగా నడిచిన ఇంజిన్ రాత్రికి రాత్రి తనంతట తాను చెడిపోవడం అరుదు. తేడా వచ్చిందంటే మొదటి అనుమానం మన చేతి మీదే పడాలి. ఏది చివర బిగించామో దాన్ని మొదట చూడాలి. అక్కడి నుంచి ఒక్కొక్కటిగా వెనక్కి రావాలి. ఒకసారికి ఒక్కటే సరిచేసి, బండి స్టార్ట్ చేసి చూడాలి. నాలుగూ ఒకేసారి కెలికితే ఏది తప్పో ఎప్పటికీ తేలదు.

కాలం మారింది.. తప్పులూ మారాయి

అంబాసిడర్ రోజుల్లో స్క్రూడ్రైవరు, ప్లగ్ స్పానరు ఉంటే సగం రిపేరు ఇంట్లోనే అయ్యేది. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. మారుతి 800 కూడా అదే ఏడాది సెలవు తీసుకుంది. మన తిరువళ్లూరులోనే 1998 నుంచి మిత్సుబిషి లాన్సర్లు తయారయ్యాయి. కూతవేటు దూరంలోని శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం 2016లో మొదలైంది. ఇప్పటి బండ్లలో పెట్రోలు ఎంత, గాలి ఎంత, నిప్పురవ్వ ఎప్పుడు.. అన్నీ కంప్యూటరే చూసుకుంటుంది. కాబట్టి ఇంటి సర్వీసులో జరిగే పొరపాట్లు కూడా మారాయి. కార్బురేటర్ స్క్రూ ఎక్కువ తిప్పడం కాదు.. ఇప్పుడు సెన్సర్ కనెక్టర్ పెట్టడం మరవడం, గాలి గొట్టం క్లిప్పు వదిలేయడం!

ముందు మూడు లైట్లు

బానెట్ ఎత్తకముందే డాష్‌బోర్డు చూడాలి. నూనె డబ్బా బొమ్మతో ఎర్ర లైటు వెలిగితే మరో మాట లేదు, ఇంజిన్ ఆపేయాలి. ఆయిల్ ఒత్తిడి లేకుండా నడిస్తే బేరింగులు అరిగి ఇంజిన్ పట్టేయడానికి ఎంతోసేపు పట్టదు. 'ఇల్లు దగ్గరేగా, నిదానంగా పోదాం' అనుకుంటే మొత్తం ఇంజిన్ పనికి వస్తుంది. అయితే ఆయిల్ ఫిల్టర్ మార్చాక మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఈ లైటు కొన్ని సెకన్లు ఎక్కువ వెలగడం మామూలే. ఖాళీ ఫిల్టరు నిండాలి కదా. అప్పుడు యాక్సిలరేటర్ తొక్కకూడదు. పది సెకన్లలోపు ఆరకపోతే మాత్రం ఆపి చూడాల్సిందే.

వేడి ముల్లు ఎరుపులోకి పోయినా, వేడిని సూచించే ఎర్ర లైటు వచ్చినా అంతే.. పక్కకు తీసి ఆపాలి. ఇక పసుపు రంగు ఇంజిన్ బొమ్మ. అది నిలకడగా వెలుగుతూ బండి మామూలుగానే నడుస్తుంటే నెమ్మదిగా ఇల్లు చేరి వెతకవచ్చు. ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం ఇంజిన్ బాగా మిస్ అవుతోందని అర్థం. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని మాడ్చేస్తుంది. అది ఖరీదైన సామాను.

ఆయిల్ మార్చాకనా?

బండి కింద నల్ల చుక్కలు కనిపిస్తే చూడాల్సినవి రెండే. ఒకటి డ్రెయిన్ బోల్టు. దాని వాషరు పాతదైనా, అసలు పెట్టకపోయినా కారుతుంది. రెండోది ఫిల్టరు. పాత ఫిల్టరు విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుపోయి ఉండొచ్చు. చూసుకోకుండా కొత్తది బిగిస్తే రెండు రింగులు ఒకదానిమీద ఒకటి పడతాయి. నిలబడి ఉన్నప్పుడు ఏమీ కాదు. హైవే మీద ఒత్తిడి పెరగ్గానే చిమ్మేస్తుంది. నిమిషాల్లో ఇంజిన్ ఎండిపోతుంది.

ఎక్కువ పోయడమూ తప్పే. డిప్‌స్టిక్ పై గీత దాటితే క్రాంక్ తిరిగేటప్పుడు ఆయిల్ నురగ కడుతుంది, సైలెన్సర్‌లో నీలం పొగ రావచ్చు. బండిని చదును నేల మీద నిలిపి, ఇంజిన్ ఆపి ఐదు నిమిషాలయ్యాక కొలవాలి. రెండు గీతల మధ్య ఉంటే చాలు. ఎంత పోయాలి, 5 డబ్ల్యూ-30యా మరొకటా అన్నది కారుతో వచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. పోసేటప్పుడు ఇంజిన్ మీద ఒలికిన ఆయిల్ కాలి కాస్త పొగ, వాసన రావడం మామూలే. కాసేపటికి తగ్గాలి. తగ్గకపోతే లీకు వెతకాలి.

గాలి దారిలో దొంగ

ఎయిర్ ఫిల్టర్ ముట్టుకున్నాక ఇంజిన్ ఆడుతూ ఆగుతూ ఉందా? నిలబడి ఉన్నప్పుడు రేసు తనంతట తానే పెరిగి తగ్గుతోందా? ఫిల్టరు డబ్బా మూత నాలుగు వైపులా కూర్చుందో లేదో చూడాలి. దాని నుంచి ఇంజిన్‌కు వెళ్లే లావు గొట్టం క్లిప్పు, పక్కనున్న సన్న పైపులు, సెన్సర్ కనెక్టరు చూడాలి. లోపలికి వెళ్లే గాలిని సెన్సర్ కొలుస్తుంది, ఆ లెక్కకే కంప్యూటర్ పెట్రోలు పంపుతుంది. సెన్సర్ దాటాక ఎక్కడైనా చీలికో సందో ఉంటే లెక్కకు రాని గాలి దూరుతుంది. పెట్రోలు చాలక ఇంజిన్ దగ్గుతుంది. చెవి పెడితే 'స్స్' మని శబ్దం వినిపించవచ్చు. వినేటప్పుడు తుండుగుడ్డ, పైట కొంగు, చేతులు ఫ్యానుకు, బెల్టుకు దూరంగా ఉంచాలి. కంప్రెసర్ గాలితో సెన్సర్‌ను ఊదడం, గుడ్డతో తుడవడం వద్దు. లోపలి తీగ వెంట్రుకంత సన్నం.

ప్లగ్గులు బిగించాక మిస్సింగా?

'మిస్సింగ్' అన్న మాట అరవంలోనూ తెలుగులోనూ ఒకటే. మూడో నాలుగో సిలిండర్లలో ఒకటి కాలడం లేదన్నమాట. పాత బండ్లలో ప్లగ్ వైర్లు తారుమారు కావడం మొదటి కారణం. మారుతి 800 వంటి మూడు సిలిండర్ల ఇంజిన్‌లో మంట వరుస 1-3-2. నాలుగు సిలిండర్ల కార్లలో ఎక్కువగా 1-3-4-2. విప్పే ముందే వైర్లకు నంబరు రాసిన ప్లాస్టర్ అతికించినా, సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకున్నా ఈ బాధ ఉండదు.

కొత్త బండ్లలో ప్రతి ప్లగ్గు మీదా ఒక కాయిల్ ఉంటుంది. దాని కనెక్టర్ 'టక్' మని పడేదాకా నొక్కాలి. ప్లగ్గు తెల్ల పింగాణీకి సన్నని పగులున్నా నిప్పురవ్వ పక్కదారి పడుతుంది. కింద పడిన ప్లగ్గును మళ్లీ బిగించకపోవడమే మేలు. బిగించేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉండాలి, మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి. అడ్డంగా ఎక్కిందని తెలిసీ స్పానరుతో బలవంతం చేస్తే అల్యూమినియం హెడ్డులో మర పోతుంది. అప్పుడిక హెడ్డు దించే పని. ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్ వైరు లాగి చూడటం పాత అలవాటు. వేల వోల్టుల షాక్ కొడుతుంది, మానుకోవాలి.

బ్యాటరీ.. పులికాట్ గాలి

బ్యాటరీ తీసి పెట్టాక సెల్ఫ్ 'టక్ టక్' మని ఆగిపోతే టెర్మినల్ వదులుగా ఉందేమో చూడాలి. చేత్తో కదిపితే కదలకూడదు. ఉప్పు గాలి తగిలే మన ఊళ్లలో టెర్మినళ్లకు తెల్లటి, పచ్చటి పొడి త్వరగా పడుతుంది. వేడి నీళ్లలో వంట సోడా కలిపి కడిగి, ఆరాక బిగించి, వాజలైన్ పూయాలి. తీసేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు మైనస్ చివర. బ్యాటరీ తీసి పెట్టిన కొన్ని కార్లలో కాసేపు రేసు ఎక్కువ తక్కువ అవుతుంది. కంప్యూటర్ మళ్లీ నేర్చుకుంటోందని అర్థం. కొంత దూరం నడిపితే సర్దుకుంటుంది.

బోరు నీళ్లు వద్దు

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తే ఉప్పు, సున్నం పేరుకుని దారులు పూడుకుపోతాయి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ పుస్తకంలో చెప్పిన పాళ్లలో కలపాలి. కూలెంట్ మార్చాక ముల్లు ఎక్కుతూ దిగుతూ ఉంటే లోపల గాలి చిక్కుకుందని అనుమానించాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక నింపి, గాలి పోనివ్వాలి. వేడి మీద మూత తీస్తే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. తాళం తీసేసినా కొన్ని బండ్లలో ఫ్యాను తిరుగుతుంది.. వేళ్లు జాగ్రత్త!

డీజిల్ బండి అయితే

డీజిల్ ఫిల్టర్ మార్చాక స్టార్ట్ కాకపోతే పైపులో గాలి చేరి ఉంటుంది. చేతి పంపు ఉంటే గట్టిపడేదాకా నొక్కాలి. సెల్ఫ్ ఒకేసారి పది సెకన్లకు మించి కొట్టకూడదు, మధ్యలో విరామం ఇవ్వాలి. పాత బండ్లలో లాగా ఇంజెక్టర్ పైపు వదులు చేసి గాలి తీయడం కామన్ రైల్ ఇంజిన్లలో పనికిరాదు. అందులో ఒత్తిడి వెయ్యి బార్‌లు దాటుతుంది. ఆ డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు.

కోడ్ చెప్పేది సగమే

2013 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కార్లకు రెండో తరం ఓబీడీ తప్పనిసరైంది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి స్కానర్ పెడితే కోడ్ వస్తుంది. పి 0300 అంటే అక్కడక్కడా మిస్సింగ్. పి 0302 అంటే రెండో సిలిండర్‌లో. పి 0171 అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. అయితే కోడ్ రాగానే సామాను కొనేయకూడదు. కోడ్ జ్వరం లాంటిది, రోగం పేరు కాదు. పి 0302 వస్తే ఇంజిన్ ఆపి రెండో కాయిల్‌ను ఒకటో దాని చోట పెట్టాలి. కోడ్ చెరిపి నడిపితే ఈసారి పి 0301 వచ్చిందా.. కాయిలే దొంగ. పి 0302గానే ఉంటే ప్లగ్గో మరొకటో చూడాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

ఇక్కడ మాత్రం చేయి తీయండి

టైమింగ్ బెల్టు, బ్రేకులు, ఎయిర్‌బ్యాగ్ వైర్లు, గ్యాస్ కిట్టు.. ఇవి ఇంటి పనులు కావు. ఒట్టి జాకీ మీద నిలిపిన బండి కిందికి దూరడమంటే ప్రాణంతో చెలగాటమే. వరదలో నిలిచిన బండి కూడా ఈ లెక్కలోదే. 2015 డిసెంబరు వానలకు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు ఎన్నో కార్లు నీట నిలిచాయి. పైపైన ఆరబెట్టి సెల్ఫ్ కొడితే సిలిండర్లోకి చేరిన నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. అలాంటి బండిని తాళం తిప్పకుండా లాగించుకుని వెళ్లాలి.

దారిలో ఆగితే నాలుగు ఇండికేటర్లూ వేసి, హెచ్చరిక త్రికోణం వెనుక దూరంగా పెట్టి, అందరూ దిగి రోడ్డుకు దూరంగా నిలబడాలి. జాతీయ రహదారి సాయానికి 1033కు ఫోన్ చేయవచ్చు.

మెకానిక్ దగ్గర దాచొద్దు

అటు వెళితే "వండిలె ఎన్న పణ్ణీంగ?" అంటారు. ఇటు వస్తే "ఏం చేశావన్నా?" అంటారు. ప్రశ్న ఒక్కటే. చిన్నతనమనుకుని 'ఏమీ చేయలేదు, దానంతటదే వచ్చింది' అంటే వెతుకులాట మొదటి నుంచి మొదలవుతుంది, కూలీ పెరుగుతుంది. ఏ రోజు, ఏవి విప్పారు, ఏం మార్చారు, ఆ తర్వాత ఎన్ని కిలోమీటర్లు నడిచింది.. ఒక చీటీ మీద రాసి చూపిస్తే గంట పని పది నిమిషాల్లో తేలవచ్చు. కొన్న సామాన్ల బిల్లులు దాచుకోవాలి. వారంటీ ఉన్న బండికి అవి ఇంకా అవసరం.

తీసిన పాత ఆయిల్‌ను కాలువలోనో దొడ్లోనో పారబోయడం మరో పెద్ద తప్పు. 2016 నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. మన కాలువల నీళ్లు చివరికి చేరేది పులికాట్‌కే. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే గ్యారేజీలో ఇచ్చేస్తేనే ఇంటి సర్వీసు పూర్తయినట్టు.