పాత సైనిక లారీలో విద్యుద్దోషములను కనిపెట్టుట

రెండవ ప్రపంచ యుద్ధము 1945లో ముగిసిన పిదప సైన్యమునకు అవసరము లేని లారీలును జీపులును వేలములలో అమ్ముడుపోయినవి. వానిలో కొన్ని సరకుల బండ్లుగను, కొన్ని బస్సులుగను మారి మన దేశపు రోడ్లపై చిరకాలము తిరిగినవి. తరువాత జబల్పూరులో తయారైన శక్తిమాన్ లారీలును కొలువు ముగించుకొని అట్లే ప్రజల చేతికి వచ్చినవి. మన గిల్లేసూగూరు వంటి యూళ్లలో పంట రాయచూరు మార్కెట్టుకు చేరవలెనన్న లారీయే దిక్కు. అట్టి బండి కదలనినాడు ఏమి చేయవలయునో తెలిసికొనుట మనకు మేలు.

మేమెరిగిన యొక రైతు కుటుంబమునకు ఇట్టి పాత బండి యుండెను. వడ్ల మూటలు ఎత్తిన ఉదయమున అది కదలలేదు. బ్యాటరీ చెడినదని యెవరో చెప్పగా అప్పుచేసి క్రొత్తది కొనిరి. మరునాడు మరల అదే కథ. డైనమో మార్చిరి, ఫలము లేదు. తుదకు చూడగా, ఇంజనును చట్రముతో కలుపు ఎర్తు పట్టీ మొదట త్రుప్పు పట్టియున్నది. గరుకు కాగితముతో రుద్ది బిగించుటకు కొద్ది నిమిషములే పట్టినవి. ఆ అప్పు తీరుటకు మాత్రము ఒక పంటకాలము పట్టినది.

ఈ పొరపాటుకు మూలమేమి? విద్యుత్తు బ్యాటరీనుండి బయలుదేరి, పనిచేసి, మరల బ్యాటరీకే చేరవలయును. ఇంటి దీపమునకు పోవుటకొకటి, వచ్చుటకొకటి రెండు తీగలుండును. బండిలో పోవుటకు మాత్రమే తీగ. తిరిగివచ్చు దారి ఉక్కు చట్రమే. దీనినే మెకానిక్కులు తెలుగున మాటలాడినను, కన్నడమున మాటలాడినను ‘ఎర్తు’ అందురు. పోవు తీగను అందరును పరీక్షింతురు; తిరిగివచ్చు దారిని మరతురు.

కొంచెము లెక్క చూతము. యుద్ధకాలపు విల్లీస్ జీపునకు 6 వోల్టుల బ్యాటరీ. స్టార్టరు 200 ఆంపియర్లు లాగునప్పుడు, దారిలోని యొక వదులు ముడికి ఓములో నూరవ వంతు నిరోధమున్నచో అక్కడనే 2 వోల్టులు నశించును. స్టార్టరుకు మిగులునవి నాలుగే! తరువాత వచ్చిన ఎం 38 జీపునకు 24 వోల్టులు. అంతే పనికి అందు 50 ఆంపియర్లు చాలును గనుక అదే ముడివద్ద నష్టము అర వోల్టు మాత్రమే. కనుక వోల్టులు తక్కువగా గల పాత బండిలో ముడులు మరింత శుభ్రముగా నుండవలయును.

ఇక పరీక్షాక్రమము. ముందుగా ముందుదీపములు వెలిగించి స్టార్టరును నొక్కుడు. దీపములు పూర్తిగా మసకబారినచో బ్యాటరీ నీరసించియుండును, లేదా దాని కొనల ముడి వదులై యుండును. దీపములు తగ్గకయే స్టార్టరు మౌనముగా నున్నచో దోషము స్విచ్చులోనో, స్టార్టరుకు పోవు దారిలోనో కలదు. పిదప వోల్టుమీటరు కొనలలో ఒకదానిని చట్రమునకు కలిపిన బ్యాటరీ ధ్రువమునకు, రెండవదానిని ఇంజను దిమ్మెకు తాకించి స్టార్టరును త్రిప్పించుడు. ముల్లు అర వోల్టు దాటినచో ఎర్తు దారి చెడినట్లే. బ్రేకు నొక్కగా సంబంధములేని మరియొక దీపము మినుకుమినుకుమన్నను ఎర్తునే అనుమానింపవలయును; తన దారి మూసికొనిపోయిన విద్యుత్తు పొరుగు దీపముగుండా అడ్డదారిన ఇల్లు చేరుచున్నదన్నమాట.

ఫ్యూజు మాటిమాటికి కాలుచున్నచో దాని స్థానమున లావు తీగ చుట్టుట మహాపరాధము. ఫ్యూజు కాలుట మనకు హెచ్చరిక. దానిని నోరునొక్కినచో తరువాత కాలునది తీగల కట్టయే, ఆపై బండియే. ఫ్యూజు తీసి, ఆ చోట ఒక బల్బును తగిలించుడు. అది కాంతివంతముగా వెలుగుచున్నంతవరకు తీగ యెక్కడనో చట్రమును తాకుచున్నట్లు. ఒక్కొక్క శాఖను విడదీయుచు పోగా, ఏ శాఖను విప్పినప్పుడు బల్బు ఆరునో అందే దోషమున్నది.

జాగ్రత్తలు కొన్ని గలవు. పని మొదలిడుటకు ముందు చేతి ఉంగరములు తీయవలయును. ఎర్తు తీగను మొదట విప్పి, కడపట బిగింపవలయును. కొన్ని పాత బండ్లలో ధనధ్రువమే చట్రమునకు కలిపియుండును గనుక, విప్పకమునుపే గుర్తు వ్రాసికొనవలయును. ఛార్జి యగు బ్యాటరీనుండి మండు వాయువు వెడలును. దానిదరి అగ్గిపుల్ల గీయరాదు. అందలి ఆమ్లము చర్మముపై పడినచో వెంటనే నీటితో బాగుగా కడుగవలయును. ఈ పనులు పిల్లలు పెద్దల సమక్షముననే చేయవలయును.

తల్లిదండ్రులకు మా మనవి యిది: క్రొత్త వస్తువు కొనుటకు ముందు పాత ముడిని విప్పి, రుద్ది, బిగించి చూడుడు. విద్యార్థులారా! భౌతికశాస్త్ర పాఠమున మీరు చదివిన ఓము సూత్రము పరీక్షకు మాత్రమే కాదు. మీ నాన్నగారి అప్పును తప్పించునదియు నదియే.