ఆకుకు 11 పైసలు: బస్తర్ తునికాకు ధర ఎవరు కట్టాలి?

బీడీలు చుట్టే తునికాకులు 50 కలిస్తే ఒక కట్ట. 1,000 కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. అంటే 50,000 ఆకులు. బస్తర్ ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో ప్రభుత్వం ఒక్కో బ్యాగుకు ఇచ్చే ధర 2018లో రూ.2,500. 2019లో అది రూ.4,000 అయింది, 2024లో రూ.5,500కు చేరింది. ఆకు లెక్కన చూస్తే 5 పైసలు, 8 పైసలు, 11 పైసలు.

ఆరేళ్లలో ధర రెండింతలు దాటడం మంచి విషయమే. అయితే ప్రతిసారీ ధర కట్టింది రాయ్‌పూర్‌లోని ప్రభుత్వం. ఆకు కోసిన మనిషికి బేరమాడే వీలు ఒక్కసారీ దక్కలేదు.

ఎండ ముదరకముందే అడవికి వెళ్లి ఆకు కోస్తారు. ఇంటికి తెచ్చి చిరిగినవి, మచ్చపడినవి ఏరేస్తారు. మిగిలినవి లెక్కబెట్టి, నారతో కట్టలు కట్టి, సాయంత్రానికి ఆకు కొనే కల్లానికి చేరుస్తారు. ఇల్లంతా కలిసి 100 కట్టలు కడితే చేతికొచ్చేది రూ.550.

ఒక్కడే కొనుగోలుదారు ఎందుకు?

ఉమ్మడి మధ్యప్రదేశ్ 1964లో చట్టం చేసి తునికాకు వ్యాపారాన్ని ప్రభుత్వం చేతికి తీసుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1971లో అదే బాట పట్టింది. దానికి కారణం లేకపోలేదు. కాంట్రాక్టర్లు గిరిజనులను నిలువునా దోచుకునేవారు. 1980ల్లో దండకారణ్యంలో నక్సలైట్లు పాగా వేయడానికి కూడా తునికాకు రేటు గొడవే ఒక ఊతమైంది. నేడు ఛత్తీస్‌గఢ్‌లో సహకార సంఘాలు ఆకు కొంటాయి. అమ్మకాల లాభంలో 80 శాతం సేకరణదారులకు బోనస్‌గా వెళ్లాలి. ఈ రక్షణను తీసిపారేయమనడం తప్పు.

చట్టం ఇచ్చిన హక్కు

చింతపండుకు మాత్రం వేరే పద్ధతి ఉంది. 2020లో కేంద్రం మద్దతు ధరను కిలో రూ.31 నుంచి రూ.36కు పెంచింది. అంతకంటే ఎక్కువ ఇచ్చే వ్యాపారి దొరికితే గిరిజనుడు అతనికే అమ్ముకోవచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో తునికాకుకు ఆ వెసులుబాటు లేదు. చిత్రమేమిటంటే, 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల జాబితాలో తునికాకును పేరుపెట్టి చేర్చింది. వాటిని సేకరించే, అమ్ముకునే హక్కు అడవిబిడ్డలదేనని చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు సంబంధించిన 1996 పెసా చట్టం వాటి యాజమాన్యాన్ని గ్రామసభలకు ఇవ్వాలంది.

బస్తర్ పక్కనే, మహారాష్ట్రలో ఉన్న గడ్చిరోలిలో 2013 నుంచి కొన్ని గ్రామసభలు సొంతంగా టెండర్లు పిలిచి ఆకు అమ్ముతున్నాయి. కొన్నేళ్లు మంచి రేటు పలికింది, కొన్నేళ్లు పడిపోయింది. కాంట్రాక్టర్లు బాకీ ఎగ్గొట్టిన ఊళ్లూ ఉన్నాయి. అయినా నిర్ణయం ఊరిదే.

ఆకు సంగతి అలా ఉంచితే, పంట విషయంలో రైతుకు స్వేచ్ఛ ఇస్తే ఏమవుతుందో వియత్నాం చూపింది. 1988లో అక్కడ సాగును సామూహిక క్షేత్రాల నుంచి కుటుంబాలకు అప్పగించారు. బియ్యం దిగుమతి చేసుకునే ఆ దేశం 1989లో దాదాపు 14 లక్షల టన్నులు ఎగుమతి చేసింది.

బస్తర్‌కు కావలసింది రెండూ: రూ.5,500 కనీస ధరగా నిలవాలి, అంతకు మించి ఇచ్చేవారికి అమ్మే స్వేచ్ఛ గ్రామసభకు ఉండాలి. కొనేవారి చేత ముందే డిపాజిట్ కట్టించుకుంటే ఎగవేతల భయం తగ్గుతుంది. సహకార సంఘాలు కూడా ఇతర కొనుగోలుదారులతో పోటీపడి కొనాలి. అప్పుడే ఆ 11 పైసలు ఆకు అసలు విలువో కాదో తేలుతుంది.