సముద్రం లేని చోట సముద్రపు రొయ్య

బస్తర్‌లో ఇంద్రావతి నది ఉంది, చిత్రకోట జలపాతం ఉంది. సముద్రం మాత్రం లేదు. జగ్దల్‌పూర్ విద్యార్థి సముద్రాన్ని చూడాలంటే రైలెక్కి తూర్పు కనుమలు దాటి విశాఖపట్నం చేరాలి. అలాంటి చోట, పగడపు దిబ్బల్లో బతికే చిన్న అలంకార రొయ్యను గాజు తొట్టెలో పెంచగలమా? పెంచగలం. అయితే ముందుగా మనం కాపాడుకోవలసింది రొయ్యను కాదు, నీటిని.

క్లీనర్ రొయ్యను ఉదాహరణగా తీసుకుందాం. ఎర్రని వీపు మీద తెల్లని చార ఉండే ఈ జీవి చేపల ఒంటిమీది పరాన్నజీవులను ఏరుకుని తింటుంది. దీని శాస్త్రీయ నామం లైస్మాటా అంబోయినెన్సిస్.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. వంట ఉప్పు ఒక్కటే కలిపితే చాలదు. మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం కూడా ఉండాలి. అందుకే శుద్ధి చేసిన నీటిలో అక్వేరియం లవణ మిశ్రమాన్ని కలుపుతారు.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. 100 లీటర్ల నీటిలో 3,500 గ్రాముల లవణాలున్నాయి. వేసవిలో 10 లీటర్లు ఆవిరైపోయాయి. నీరు పోయింది కాని ఉప్పు పోలేదు. మిగిలిన 90 లీటర్లలో లీటరుకు దాదాపు 39 గ్రాములవుతుంది. ఈ లోటును ఉప్పునీటితో పూరిస్తే లవణం ఇంకా పెరుగుతుంది, మంచినీటితోనే పూరించాలి. లవణీయత హఠాత్తుగా మారితే ద్రవాభిసరణ వల్ల రొయ్య శరీరంలోని నీటి సమతుల్యత దెబ్బతింటుంది. కొత్త రొయ్యను తెచ్చినప్పుడు తొట్టెలోని నీటిని చుక్కచుక్కగా కలుపుతూ అలవాటు చేయడానికి కారణం ఇదే. ఉష్ణోగ్రత కూడా 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. బస్తర్ మే నెల ఎండల్లో దీనికి నీటిని చల్లబరిచే ఏర్పాటు తప్పదు.

వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియా విషం. బాక్టీరియా దానిని నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ బాక్టీరియా స్థిరపడటానికి కొన్ని వారాలు పడుతుంది. అంతవరకు రొయ్యను తేకూడదు. రాగి కలిసిన చేపల మందులు కూడా వాడకూడదు. అవి రొయ్యలను చంపుతాయి.

కాంగేర్ లోయలోని కుటుంసర్ గుహను మీలో కొందరు చూసి ఉంటారు. అక్కడి సున్నపురాయిలోను, రొయ్య పెంకులోను ఉండే కాల్షియం కార్బొనేట్ ఒకటే. పెరిగే రొయ్య పాత పెంకును విడుస్తుంది. దీనిని నిర్మోచనం అంటారు. ఖాళీ పెంకును చూసి రొయ్య చనిపోయిందని కంగారు పడకండి. మెత్తని ఒంటితో అది రాళ్ళ చాటున దాక్కుని ఉంటుంది, దానిని కదిలించవద్దు.

ఇక అసలు విషయం. క్లీనర్ రొయ్య తొట్టెలోనూ గుడ్లు పెడుతుంది. కాని దాని లార్వాలను నెలల తరబడి సాకడం కష్టం. అందుకే ఈ జాతిలో ఎక్కువ భాగాన్ని సముద్రం నుంచే పట్టి తెస్తారు. మన అజాగ్రత్త వల్ల ఒకటి చనిపోతే, దిబ్బ నుంచి మరొకటి వస్తుంది. లక్షద్వీప్‌లోని అగత్తిలో జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ కొన్ని చిన్న అలంకార రొయ్యలను తొట్టెల్లోనే పునరుత్పత్తి చేయించి, వాటి పెంపకాన్ని స్థానిక మహిళలకు నేర్పింది. అలా పెంచిన రొయ్యలనే కొనడం మేలు. దిబ్బలను నిర్మించే పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది; తొట్టెలో కృత్రిమ రాళ్ళే పెట్టాలి.

రొయ్యను కొనే ముందు ఒక ప్రయోగం చేయండి. తొట్టెలో ఉప్పునీరు మాత్రమే నింపి, నెలరోజులు లవణీయతను, ఉష్ణోగ్రతను రోజూ నమోదు చేయండి. ఆ అంకెలు నిలకడగా ఉంటే, మీరు రొయ్యకు ఇల్లు సిద్ధం చేయడం మొదలుపెట్టినట్టే.