పాత గోడకు కొత్త అతుకు: రంగు డబ్బా తెరవడానికి ముందు 28 రోజులు

ఊళ్లో మా ఇంటి హాలు గోడ గరుకుగా ఉంటుంది. 1984లో కట్టిన మేస్త్రి ఆఖర్న తడి స్పాంజి గుండ్రంగా తిప్పి వదిలిన ఇసుక పలుకులు ఇప్పటికీ చేతికి తగులుతాయి. కిటికీ కింద మాత్రం రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున నున్నటి మచ్చ ఒకటి. మూడేళ్ల కిందట పెచ్చులూడిన ఆ చోట సంక్రాంతి ముందు నాలుగు రోజుల్లో లప్పం పెట్టించి, రంగేయించాం. ఉగాదికల్లా పొక్కులు లేచాయి. ఈసారి గీకి చూస్తే, అక్కడ రంగు నాణ్యత కన్నా మా తొందరే ఎక్కువ చెరుపు చేసిందని అర్థమైంది. ఆ ఆరు చదరపు అడుగుల లెక్కే ఇది.

16 గంటలు: చెమ్మ ఎటు నుంచి?

అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీటును గోడకు పరిచి, నాలుగు అంచులా టేపు అంటించండి. కనీసం 16 గంటలు వదిలేయండి. షీటు లోపలి వైపు నీటి బొట్లు కనిపిస్తే తడి గోడలోనే ఉన్నట్టు. ముందు పైపు లీకో, బయటి పగులో, పునాది నుంచి ఎక్కే నిమ్మో చూసుకోవాలి. అది ఆగకుండా ఎంత మంచి రంగు వేసినా నిలవదు.

90 పీపీఎం: గీకే ముందు జాగ్రత్త

ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే కిలోకు 90 మిల్లీగ్రాములు, మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన పొరల్లో, ముఖ్యంగా ఎనామిల్ రంగుల్లో, ఎక్కువ ఉండొచ్చు. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. గోడ తడిపి, నీళ్ల కాగితంతోనే రుద్దించండి. పిల్లల్ని, గర్భిణుల్ని ఆ రోజు ఇంట్లో ఉంచొద్దు. తర్వాత ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి.

12 మిల్లీమీటర్లు: లప్పం పనికాదు

లోపలి గోడల ప్లాస్టరింగ్ మామూలుగా 12 మిల్లీమీటర్ల మందం. లప్పం రెండు పూతలూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదు. 12 మిల్లీమీటర్ల గుంటను లప్పంతో నింపితే పగుళ్లివ్వడం ఖాయం. పెచ్చు చుట్టూ వేలి కణుపుతో తట్టండి. డొల్లగా మోగిన మేరా కొట్టేసి, ఇటుక కనిపించాక తడిపి, సిమెంటు మాలుతోనే పూడ్చాలి.

ఏడున్నర లీటర్ల ఇసుక

ఆరు చదరపు అడుగులకు ఒకటికి ఐదు పాళ్లలో ఒకటిన్నర లీటర్ల సిమెంటు, ఏడున్నర లీటర్ల ఇసుక చాలు. గరుకుతనం వచ్చేది ఈ ఇసుక నుంచే. పాత గోడలో ఉన్నది ఏటి ఇసుక, పలుకు గుండ్రంగా ఉంటుంది. రాయి పిండి చేసిన రోబో ఇసుక పలుకు కోసుగా ఉంటుంది. రెండూ ఒకేలా తేలవు. అర బకెట్ ఏటి ఇసుక సంపాదించి, పాత గోడ నుంచి రాలిన పలుకులు పక్కన పెట్టి పోల్చి చూడండి. మాలు కాస్త బిగుసుకున్నాక, పాత గోడ మీది సుడులు ఎటు తిరిగాయో అటే స్పాంజి తిప్పమనండి. ముందుగా చిన్న పలక మీద ఒకసారి వేయించి చూడటం మేలు.

28 రోజులు: అసలు పరీక్ష

మొదటి ఏడు రోజులు అతుకు ఆరిపోకుండా తడుపుతూ ఉండాలి. ఆ తర్వాత ఆరనివ్వాలి. కొత్త సిమెంటులో క్షారం ఎక్కువ, పీహెచ్ 12 దాటుతుంది. పైన వేసిన రంగును అది తినేస్తుంది. మొత్తం 28 రోజులు ఆగితే ఆ ఘాటు తగ్గుతుంది, సిమెంటూ గట్టిపడుతుంది. మేం ఎగ్గొట్టింది ఈ రోజులనే.

120 చదరపు అడుగులు: అతుక్కే కాదు, గోడంతటికీ

అతుకు మీద మాత్రమే రంగేస్తే, అదే డబ్బాలోదైనా తేడా కనిపిస్తుంది. పాత రంగు ఎండకు వెలిసి ఉంటుంది, కొత్త సిమెంటు ఎక్కువ పీల్చుకుంటుంది. అతుకు మీద ప్రైమర్ వేసి, గోడను ఈ మూల నుంచి ఆ మూల దాకా రెండు పూతలు వేయించండి. పన్నెండడుగుల పొడవు, పదడుగుల ఎత్తు గోడకు, లీటరుకు 120 చదరపు అడుగులు వస్తుందనుకుంటే రెండు పూతలకు రెండు లీటర్లు. గరుకు గోడ కాబట్టి ఇంకో అర లీటరు కలుపుకోండి.

ఒక మాట. ఇంకా పాతకాలపు సున్నపు గోడలకు ఈ లెక్క పనికిరాదు. గట్టి సిమెంటు అతుకు మెత్తటి సున్నం నుంచి విడిపోతుంది, చెమ్మనూ బయటికి పోనివ్వదు. వాటికి సున్నంతోనే అతుకు వేయాలి.

పరీక్షకు ఒక రోజు, కొట్టి పూడ్చడానికి రెండు రోజులు, ఆరడానికి 28, రంగుకు మూడు. మొత్తం 34 రోజులు. భోగికి గోడ సిద్ధంగా ఉండాలంటే డిసెంబరు మొదటి వారంలోనే మేస్త్రిని పిలవాలి. పని అయ్యాక ఒక రాత్రి లైట్లార్పి, ఫోను టార్చిని గోడకు ఆనించి అడ్డంగా వెలుగు పంపండి. ఈసారి మా కిటికీ కింద నీడలన్నీ ఒక్క తీరుగానే పడ్డాయి.