కుందేలుకు నాలుగో కాలు

నూజివీడు మెట్టలో మామిడి తోట ఉన్నవారికి భూమి లోపల ఏముందో ఊహించడం వ్యవసాయంలో ఒక భాగం. బోరు వేసేముందు ఒకరు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తోటంతా తిరుగుతారు. అది లేచి నిలబడ్డ చోట గుర్తు పెడతారు. దాన్నే పాయింటు అంటారు. నీళ్లు పడితే పాయింటు మంచిది. పడకపోతే ఇంకో వంద అడుగులు దింపమంటారు, అప్పటికీ పడకపోతే జల పక్కకు తప్పుకుందంటారు, చివరికి మన అదృష్టం బాగాలేదంటారు. ఇన్ని మాటల మధ్య పాయింటే తప్పు అని చెప్పగలిగే ఫలితం ఒక్కటీ మిగలదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న సామెతను మనం మొండివాళ్ల మీద వాడతాం కానీ, వెతుకులాటలో అది తెలివైనవాళ్లకే ఎక్కువ వర్తిస్తుంది. నాలుగో కాలు కనిపించినప్పుడు దాన్ని తోక అని నమ్మించగల నేర్పు ఉండేది వాళ్లకే కదా. మనసు పడ్డ ఊహను ఎప్పుడు వదులుకోవాలి అన్న ప్రశ్న గుప్తనిధుల వేటలో చాలా స్పష్టంగా ఎదురవుతుంది. తోటలో పాయింటుకూ అదే ప్రశ్న, అదే జవాబు.

మన రాష్ట్రంలో దీనికి పెద్ద ఉదాహరణ కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలోని చెన్నంపల్లి కోట. అక్కడ నిధి ఉందన్న నమ్మకంతో 2017 డిసెంబరులో ప్రభుత్వ అనుమతితో, అధికారుల సమక్షంలో తవ్వకాలు మొదలయ్యాయి. వారాలు నెలలయ్యాయి. ఒక చోట ఏమీ రాకపోతే మరో చోట తవ్వారు. ఎముకలు వచ్చాయి, ఇటుకలు వచ్చాయి, నిధి మాత్రం రాలేదు. ఎముకలూ ఇటుకలూ బయటపడిన ప్రతిసారీ ఏదో దగ్గరపడుతోందన్న ఆశ చిగురించింది. ఇక్కడే ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి: ఆ కోటలో నిధే లేకపోయి ఉంటే ఈ ఇటుకలూ ఎముకలూ దొరికేవి కాదా? నిక్షేపంలా దొరికేవి. మనుషులు బతికిన ఏ పాత కోటను తవ్వినా అవే వస్తాయి. ఊహ నిజమైనా అబద్ధమైనా ఒకేలా కనిపించే వస్తువు ఆ ఊహకు సాక్ష్యం కాదు. అదే తుగ్గలి మండలంలో, జొన్నగిరి చుట్టుపక్కల, తొలకరి పడగానే జనం చేలల్లో వజ్రాల కోసం వెతుకుతారు. చూసేవాళ్లకు రెండూ ఒకే పిచ్చిలా కనిపించవచ్చు. కానీ వాన పైమట్టిని కడిగాక ఆ నేలలో రాళ్లు దొరికిన సంగతి అందరికీ తెలిసిందే. ఎక్కువమంది ఉత్తచేతులతో తిరిగి వెళ్లినా వాళ్ల ఊహకు ఆధారం ఉంది. కోటలో నిధికి ఉన్నది నమ్మకమొక్కటే.

ఆశ ఉన్నచోట ఆనవాళ్లు ఎలా పుట్టుకొస్తాయో తెలుసుకోవాలంటే ఇంగ్లండులో జరిగిన ఒక వేటను చూడాలి. 1979లో కిట్ విలియమ్స్ అనే చిత్రకారుడు ‘మాస్కరేడ్’ అనే బొమ్మల పుస్తకం వేశాడు. ఒక బంగారు కుందేలును తయారుచేసి, భూమిలో పాతిపెట్టి, అది ఉన్న చోటును ఆ బొమ్మల్లోనే దాచాడు. వేలమంది గునపాలు పట్టుకుని బయలుదేరారు. హేర్స్‌ఫీల్డ్ బీకన్ అనే గుట్ట మీద ఎంతమంది తవ్వారంటే, కుందేలు ఇక్కడ లేదని చెప్పే బోర్డును విలియమ్స్ తన ఖర్చుతో పెట్టించవలసి వచ్చింది. అక్కడ తవ్వడానికి కారణం ఆ పేరులోనే ఉంది: హేర్ అంటే కుందేలు. బొమ్మలు నిండుగా ఉన్న పుస్తకంలో ఏ ఊరికైనా సరిపోయే గుర్తులు పది దొరుకుతాయి. సరిపోయినవి పది ఉన్నాయని మురిసిపోయినవాళ్లు, సరిపోనివి ఎన్ని పక్కన పెట్టామో లెక్కపెట్టుకోలేదు. అసలు పరిష్కారం తీరు వేరు. బొమ్మల్లోని ప్రాణుల కంటి నుంచి పొడవాటి వేలి మీదుగా గీత గీస్తే అంచులోని అక్షరాలు తగులుతాయి. ఒకే నియమం ప్రతి బొమ్మకూ వర్తించి, చివరికి ఆంప్ట్‌హిల్ పార్కులో ఒక శిలువ నీడ పడే చోటు చూపిస్తుంది. ఒక్కో గుర్తుకు ఒక్కో కొత్త మినహాయింపు కోరే ఊహకూ, ఒకే నియమంతో అన్నిటినీ విప్పే ఊహకూ ఉన్న తేడా ఇదే. మినహాయింపులు పెరుగుతున్నాయంటే ఊహ బలపడుతున్నట్టు కాదు, దానికి ఊతకర్రలు పెరుగుతున్నట్టు.

దీనికి ఇద్దరు గట్టి అభ్యంతరం చెబుతారు. మొదటివారు పట్టుదల గురించి మాట్లాడతారు. 1922లో ఈజిప్టు రాజుల లోయలో తవ్వకాలకు డబ్బు పెడుతున్న లార్డ్ కార్నర్వాన్ ఇక ఆపేద్దామన్నాడు. ఏళ్ల తరబడి ఖర్చు పెట్టినా పెద్దగా ఏమీ దొరకలేదు. తవ్వకాలు నడిపిస్తున్న హోవర్డ్ కార్టర్ ఇంకొక్క సీజను అని ఒప్పించాడు, నవంబరు 4న టుటాంఖామున్ సమాధి మొదటి మెట్టు బయటపడింది. వదిలేసి ఉంటే ఏమయ్యేది? నిజమే. కానీ కార్టర్ చేతిలో ఉన్నది కేవలం పట్టుదల కాదు. ఆ రాజు పేరున్న వస్తువులు ఆ లోయలోనే అంతకుముందు దొరికాయి, సమాధి మాత్రం దొరకలేదు. ఎక్కడెక్కడ చూశామో పటం మీద గుర్తు పెట్టుకుంటూ వచ్చాడు గనుక, ఆరో రామెసిస్ సమాధి దగ్గర కూలీల పాత గుడిసెల కింద చూడని చోటు మిగిలి ఉందని అతనికి తెలుసు. ఇంకో సంగతి ఉంది. కార్టర్‌కు ముందు అక్కడ తవ్విన థియొడోర్ డేవిస్‌కు కూడా ఒక ఇష్టమైన ఊహ ఉండేది: టుటాంఖామున్ సమాధి తనకు ముందే దొరికేసిందని, లోయలో ఇక ఏమీ మిగల్లేదని. తవ్వుతూ పోవడం ఒక్కటే మొండితనం కాదు, ఇక చాలని ఆగిపోవడంలో కూడా అది దాక్కోగలదు. కాబట్టి ప్రశ్న కొనసాగాలా ఆగాలా అన్నది కాదు, చేతిలో ఉన్న ఆధారం ఏ వైపు లాగుతోందన్నది.

రెండోవారి అభ్యంతరం ఇంకా లోతైనది. గుంత ఖాళీగా ఉంటే ఊహ తప్పని ఎలా అంటాం? బంగారు కుందేలు చిక్కుముడిని నిజంగా విప్పినవాళ్లు మైక్ బార్కర్, జాన్ రూసో అనే ఇద్దరు భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు. వాళ్లు సరైన చోటే తవ్వారు, కానీ మట్టి పెట్టెలో ఉన్న కుందేలును గుర్తించలేకపోయారు. వాళ్లకు ఖాళీ గుంతే కనిపించింది, ఊహ మాత్రం సరైనదే. దీనికి జవాబు నూజివీడు రైతుకు కొత్త కాదు. మామిడి చెట్టు ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు తగ్గుతుంది, కాబట్టి ఒక్క ఏడు కాయలేదని ఎవరూ గొడ్డలి తియ్యరు. అంటు మొక్క నాలుగైదేళ్లకు కాపుకు వస్తుంది, మూడో ఏట కాయలేదంటే అది లోపం కాదు. అదే అంటు పదిహేనేళ్లైనా, చుట్టూ ఉన్న చెట్లన్నీ కాస్తున్నా కాయకపోతే, దాన్ని ఇంకా వచ్చే ఏడు అనడం ఓర్పు కాదు. చెట్టుకు గడువు దాని స్వభావమే ఇస్తుంది. ఊహకు మనమే ఇవ్వాలి, అదీ గునపం పట్టకముందే: ఇంత మేర, ఇంత లోతు, ఈ పద్ధతిలో వెతుకుతాను, ఫలానాది కనిపించకపోతే వదిలేస్తాను అని కాగితం మీద రాసుకోవాలి. బార్కర్, రూసోల లోపం ఊహలో లేదు, వెతికిన తీరులో ఉంది. ఎంత బాగా వెతకాలన్నది ముందే రాసుకున్నవాడికి ఆ రెండింటినీ విడదీసి చూడటం సాధ్యమవుతుంది. తవ్వాక రాసుకునే గడువుకు విలువ లేదు. అప్పటికే పెట్టిన డబ్బూ, ఊళ్లో పోయే పరువూ కలం పట్టుకుని ఉంటాయి.

అయినా వదులుకోవడం ఎందుకంత కష్టం? ఊహతో పాటు అన్నేళ్ల శ్రమా మట్టిలో కలుస్తుందని భయం. ఆ భయం సగం అబద్ధమని మైఖేల్ వెంట్రిస్ కథ చెబుతుంది. క్రీటులోనూ గ్రీసులోనూ దొరికిన మట్టి పలకల మీది లీనియర్ బి లిపిని చదవాలని అతను కుర్రతనం నుంచీ పట్టుబట్టాడు. ఆ భాష ఇటలీలోని పాత ఎట్రుస్కన్‌కు బంధువని అతని నమ్మకం. పద్దెనిమిదేళ్ల వయసులో, 1940లో, అదే వాదనతో వ్యాసం ప్రచురించాడు. తర్వాత అలిస్ కోబర్ అనే పరిశోధకురాలు చూపిన దారిలో, ఏ గుర్తు ఏ గుర్తుతో అచ్చు పంచుకుంటుందో, ఏది హల్లు పంచుకుంటుందో పట్టికగా వేస్తూ పోయాడు. 1952లో ఆ పట్టిక అతనికి ఇష్టంలేని మాట చెప్పింది: ఇది గ్రీకు. మొదట దాన్ని సరదా దారి మళ్లింపుగానే రాసుకున్నాడు, తర్వాత తలవంచి ఒప్పుకున్నాడు. మరుసటి ఏడు గ్రీసులోని పైలోస్ నుంచి వచ్చిన కొత్త పలక మీద మూడు కాళ్ల పాత్రల బొమ్మల పక్కన, వెంట్రిస్ విలువలతో చదివితే మూడు కాళ్ల పాత్ర అన్న గ్రీకు మాటే వచ్చింది. పట్టిక వేసేటప్పుడు అతను చూడని పలక అది. ఊహకు అంతకంటే నిజాయితీగల పరీక్ష ఉండదు.

పన్నెండేళ్ల ఎట్రుస్కన్ ఊహ పోయింది, పట్టిక పోలేదు. నూజివీడు తోటల్లో కూడా కాపు తగ్గిన ముదురు చెట్టును వేళ్లతో పెకలించనక్కర్లేదు. పెద్ద కొమ్మలు నరికి, మళ్లీ వచ్చిన చిగుళ్లకు కావలసిన రకం అంటు కట్టే పద్ధతి ఉంది. టాప్ వర్కింగ్ అంటారు. కలెక్టరు రకం మామిడి చెట్టు అదే వేళ్ల మీద బంగినపల్లి కాయగలదు. ఊహను వదిలినవాడు కూడా పోగుచేసిన కొలతలనూ, చూసి కొట్టివేసిన చోట్లనూ, ఖాళీగా తేలిన బోర్ల లోతులనూ పారేయనక్కర్లేదు. మొదటి గుంత ఖాళీగా తేలిన రాత్రి రైతు చెయ్యగల పని, ఎంత లోతులో ఏ మట్టి, ఏ రాయి తగిలిందో రాసి పెట్టుకోవడం. రెండో పాయింటు ఎవరు పెట్టినా, కొబ్బరికాయ ఎటు లేచినా, ఆ కాగితం ముందు నిలవాలి.