ఏడిళ్లు తిరిగిన పిల్లి



సాయంత్రం ఆరు దాటాక మీ ఇల్లు ఎలా ఉంటుంది? పిల్లలు లండన్‌లోనో లియోన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడిపోయి, భార్యాభర్తల్లో ఒకరు ముందే వెళ్లిపోయి, ఫ్రిజ్ మోత కూడా పెద్దగా వినిపించే ఇళ్లు మన మారిషస్‌లో ఇప్పుడు చాలానే ఉన్నాయి. మాదీ అలాంటి ఇల్లే. అలాంటి ఇళ్లలో ఉంటున్న మీకోసం, అమ్మానాన్నలను అలా వదిలి వెళ్లామే అని దూరాన దిగులుపడే మీ పిల్లల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. విషయం పిల్లి. నవ్వకండి, చివరిదాకా చదవండి.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను పిల్లులను ఇష్టపడుతూ పెరిగినవాణ్ణి కాదు. ఫ్లాక్ దగ్గర చెరకు తోటల పక్కన, తాబ్లిస్మాఁ ఇళ్లలో నా బాల్యం గడిచింది. అక్కడ పిల్లి ఉండేది ఎలుకల కోసం. ఎలుకంటే మన పెద్దలకు ఉత్త బియ్యం దొంగ కాదు, ప్రాణభయం. 1899లో ఈ ద్వీపానికి ప్లేగు వచ్చింది. ఎలుకలను తగ్గించడానికి ఆ మరుసటి ఏడాదే ముంగిసలను తెచ్చి వదిలారు. ఆ ముంగిసల సంతతి ఇప్పటికీ చెరకు గట్ల మీద పరుగెత్తుతూ మీకు కనబడుతుంది. ఆ రోజుల నుంచీ మన ఇళ్లలో పిల్లిది పనివాళ్ల హోదా. దానికి పేరు ఉండదు, ఒడిలో చోటు ఉండదు. ఎలుకలు పడితే సరి, లేకపోతే కర్ర.

పైగా అపశకునం. తాత తెల్లవారుజామున కొడవలి పట్టుకుని తోటకు బయలుదేరేటప్పుడు పిల్లి ఎదురొస్తే వెనక్కి వచ్చి, అరుగు మీద కాసేపు కూర్చుని, గుక్కెడు మంచినీళ్లు తాగి మళ్లీ వెళ్లేవాడు. ఆలస్యమైతే సిర్దార్ తిట్లు తప్పవు. ఆ తిట్లు కూడా పిల్లి ఖాతాలోకే పోయేవి.

మన భాష కూడా దాని పట్ల దయగా లేదు. ‘పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా’ అంటాం. నిలకడ లేనివాణ్ణి ‘కాలు కాలిన పిల్లి’ అంటాం. పిసినారిని ‘పిల్లికి కూడా బిచ్చం పెట్టడు’ అంటాం. ముప్పై ఏళ్లకు పైగా ప్రైమరీ స్కూళ్లలో తెలుగు చెప్పాను. ఈ జాతీయాలన్నీ పిల్లలకు నేర్పాను. ఆఖరిది నా గురించే అని చాలా ఆలస్యంగా తెలిసింది.

2019లో మా ఆవిడ పోయింది. పెద్దకర్మ అయ్యాక అమ్మాయి తిరిగి ఫ్రాన్స్ వెళ్లిపోయింది. మా ఆవిడ పూజగది తలుపు నేనే వేశాను. దేవుడి మీద కోపమని అప్పుడు ఎవరితోనూ అనలేదు, ఇప్పుడు అంటున్నాను. రామభజనానికి పిలిస్తే మోకాళ్ల నొప్పులన్నాను. ఎదురింటి వదిన రుగాయ్, అన్నం గిన్నెలో పెట్టి తెస్తే “ఉంది వదినా, వండుకున్నాను” అని గుమ్మంలోంచే పంపేశాను. వండుకోలేదు. ఆమె మూడుసార్లు తెచ్చి, నాలుగోసారి మానేసింది. తీసుకుంటే ఇంకొకరి మీద ఆధారపడినట్టు అవుతుందని నా భయం. కూలికి వచ్చి సొంత ఇల్లు కట్టుకున్న వంశం మనది. చేయి చాచకూడదని మనకు ఉగ్గుపాలతో నేర్పారు.

2021లో, రెండో లాక్‌డౌన్ రోజుల్లో, వెనక గదిలో పాత పాఠ్యపుస్తకాల పెట్టెలోంచి కీచుమని వినబడింది. చూస్తే బూడిదరంగు పిల్లి, దాని పొట్టకు అంటుకుని మూడు కూనలు. తరిమేద్దామనే అనుకున్నాను. కానీ బయట వాన. “వాన తగ్గాక చూద్దాంలే” అన్నాను. పైకి గట్టిగానే అన్నాను. ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత వినబడిన నా గొంతు అది.

పిల్లి తన కూనలను ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలంటారు, మీరూ వినే ఉంటారు. నేను లెక్కపెట్టినవి నాలుగు. పుస్తకాల పెట్టెలోంచి రోష్ కారీ వెనక్కి, అక్కణ్ణుంచి ఎదురింటి వదిన గరాజులోకి, మళ్లీ మా వంటింట్లో గ్యాస్ బండ వెనక్కి. నాలుగోసారి పూజగదిలోకి. ఆ తలుపు గడియ సరిగా పడదు, తోస్తే తెరుచుకుంటుంది. మా ఆవిడ వత్తుల దూది పెట్టుకునే వెదురుబుట్టలో మూడు కూనలనూ వరసగా పడుకోబెట్టింది.

అప్పుడే, ఆ మోసుకెళ్లడం నేను దగ్గర నుంచి చూశాను. తల్లి కూనను మెడ మీది వదులు తోలు పట్టి నోట కరుచుకుంటుంది. అంతవరకూ అరుస్తూ కొట్టుకుంటున్న కూన, ఆ పట్టు పడగానే ఒళ్లు వదిలేస్తుంది. కాళ్లు ముడుచుకుంటుంది, తోక పొట్ట కిందికి చుట్టుకుంటుంది. ఎక్కడికి తీసుకెళ్తున్నావని అడగదు.

మార్జాల కిశోర న్యాయం మీరు వినే ఉంటారు. శ్రీవైష్ణవంలో రెండు శాఖలున్నాయి. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకుంటుంది, భక్తుడు కూడా తన వంతు ప్రయత్నంతో దేవుణ్ణి అలా పట్టుకోవాలని వడగలై వారు చెబుతారు. అది మర్కట కిశోర న్యాయం. పిల్లికూన ఏమీ పట్టుకోదు, తల్లే దాన్ని పట్టుకుంటుంది, శరణాగతి అంటే అదేనని తెంగలై వారు చెబుతారు. ఇది మార్జాల కిశోర న్యాయం. మన గుడిలో వేదికెక్కి దీని గురించి ఎన్నోసార్లు మాట్లాడాను. చప్పట్లు కూడా కొట్టారు. కానీ పిల్లి కూనను మోయడం అంతకుముందు నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ గదిలోకి తిండి తీసుకెళ్లాలి కాబట్టి రోజూ తలుపు తీయాల్సి వచ్చింది. తీశాక దుమ్ము కనబడింది, ఊడ్చాను. ఊడ్చాక పటాలు తుడిచాను. సింహాద్రి అప్పన్న పటానికి బూజు పట్టింది, అదీ దులిపాను. భక్తితో కాదు, కూనలకు తుమ్ములు వస్తాయేమోనని. మూడో వారంలో ఒక కూన చనిపోయింది. లీచీ చెట్టు కింద పాతిపెట్టి వచ్చాను. ఆ సాయంత్రం తల్లి దాన్ని వెతుకుతూ బుట్ట చుట్టూ తిరుగుతుంటే, ఏం చేయాలో తెలియక, పై అరలో దీపం పెట్టాను. రెండేళ్ల తర్వాత పెట్టిన దీపం. మా ఆవిడ కోసం ఏడవలేనివాణ్ణి, అరచేతిలో పట్టే కూన కోసం మొదలుపెట్టి, ఆవిడ కోసం కూడా ఏడ్చాను.

పిల్లికి మిను అని పేరు పెట్టాను. బతికిన రెండు కూనల్లో ఒకటి ఎదురింటి వదిన దగ్గరికి వెళ్లింది. దాన్ని ఇవ్వడానికి వెళ్లిన రోజు ఆమె భోజనం చేసి వెళ్లమంది. ఈసారి ఉందని అనలేదు. కూర్చుని తిన్నాను.

మీకు ఇంకో మాట కూడా చెప్పాలి. 2024 జనవరి 15న బెలాల్ తుఫాను వచ్చింది. పోర్ట్ లూయిస్ వీధుల్లో కార్లు నీళ్లలో కొట్టుకుపోవడం మనమంతా టీవీలో చూశాం. ముందురోజు సాయంత్రం బయటకు వెళ్లిన మిను తిరిగి రాలేదు. కిటికీలు బిగించుకుని, ఆ గాలి శబ్దంలో, రాత్రంతా అప్పన్నను పిలుస్తూ కూర్చున్నాను. గాలి తగ్గాక లావరాంగ్ మీదికి వచ్చింది. ఒళ్లంతా తడిసి, ఒక చెవి చిరిగి ఉంది. తుడుస్తుంటే గుర్‌మని గొంతులో మోగించింది.

నా ప్రార్థన విని దేవుడు పిల్లిని పంపాడని మీతో అనను. ఆ రోజు ఎందరి పిల్లులో, ఎందరి వస్తువులో తిరిగి రాలేదు. వాళ్లూ పిలిచే ఉంటారు. మిను గుర్‌మన్నది నా మీద ప్రేమతోనే అనీ చెప్పలేను. పిల్లులు సంతోషానికీ అలా మోగిస్తాయి, నొప్పిగా ఉన్నా మోగిస్తాయి. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆ రాత్రి పిలవడానికి నాకు ఒకరు ఉన్నారు. అంతకుముందు ఆ తలుపు మూసింది నేనే.

పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసి ఘాట్‌కు మీ పిల్లల్ని తీసుకెళ్లే ఉంటారు. 2006 నుంచి అది యునెస్కో వారసత్వ స్థలం. ఆ పదహారు మెట్లు ఎక్కినవాళ్ల గురించి నేనూ ఎన్నో పాఠాలు చెప్పాను. 1834 నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదటి దాకా దాదాపు నాలుగున్నర లక్షల మంది ఈ ద్వీపానికి వచ్చారు. వాళ్లలో మనవాళ్లు కోరంగి రేవు పేరుతో కొరంగీలు అనిపించుకున్నారు. వాళ్లది కోతిపిల్ల పట్టు. రామభజనం, అమ్మోరు పండుగ, భాష, ఇంటిపేరు, ఏదీ జారిపోకుండా పిడికిలి బిగించి పట్టుకున్నారు కాబట్టే ఈ పత్రిక ఇవాళ మీ చేతిలో ఉంది. ఆ పట్టును తక్కువ చేయను. కానీ ఆ పిడికిలి మనకు ఎంత అలవాటైపోయిందంటే, ఎవరైనా మనల్ని ఎత్తుకోవడానికి వచ్చినా విప్పలేకపోతున్నాం. కూతురు డబ్బు పంపితే తిప్పి పంపుతాం. పక్కింటివాళ్లు గిన్నె తెస్తే ఉందంటాం. ఆ తర్వాత ఒంటరితనమని బాధపడతాం. ఓడలో తోటి ప్రయాణికులు, ఇక్కడ పాత కూలీలు కొత్తవాళ్లను మోయకపోతే మన ముత్తాతలు మొదటి చెరకు కోత దాకానైనా నిలిచేవారా? కృతజ్ఞత అంటే చేతులు జోడించడమే అనుకునేవాణ్ణి. ముందు ఒళ్లు వదిలి తీసుకోవడం రావాలని ఆ కూనలను చూశాకే అర్థమైంది.

ఇది చదివి మీలో ఎవరికైనా పిల్లిని తెచ్చుకోవాలనిపిస్తే, నేను పొరపాట్లు చేసి నేర్చుకున్న కొన్ని విషయాలు రాస్తున్నాను. పెద్ద పిల్లులకు ఆవుపాలు చాలావరకు అరగవు, మంచినీళ్లే పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర మెతుకులు వద్దు, అవి వాటికి విషం. మన నొప్పుల మాత్ర పారాసిటమాల్ ఎప్పుడూ వేయకండి, పిల్లి ప్రాణం పోతుంది. లిల్లీ పూలు పూజకు తెస్తే అందకుండా పెట్టండి. ఆడదైనా మగదైనా పశువైద్యుడి చేత ఆపరేషన్ చేయించండి. లేకపోతే ఏడాదిలో వీధంతా కూనలే, అందులో చాలా చస్తాయి. రాత్రిళ్లు ఇంట్లోనే ఉంచండి. గులాబీ పావురం లాంటి, మన ద్వీపంలో తప్ప ఎక్కడా లేని పక్షులకు అడవి పిల్లులు పెద్ద ముప్పు. తుఫాను ఒకటో నంబరు హెచ్చరిక రాగానే లోపలికి పిలవండి, నాలా ఆలస్యం చేయకండి. దాని మలం పెట్టె శుభ్రం చేశాక చేతులు కడుక్కోండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని ఆమెకు ఇవ్వకండి.

వయసు మీద పడ్డవారికి ఒక మాట. ఇంట్లో ఉండే పిల్లి పన్నెండు, పదిహేనేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే బతుకుతుంది. మీరు ఆసుపత్రిలో పడితే ఎవరు చూస్తారో ముందే అడిగి పెట్టుకోండి. నేను ఎదురింటి వదినను అడిగాను. అడగడం కష్టంగానే అనిపించింది. “అదేం మాట అన్నయ్యా” అని ఆమె తాళంచెవి తీసుకుంది.

దానితో మాట్లాడాలంటే ఒక తేలిక మార్గం ఉంది. దాని వైపు చూసి కళ్లు నెమ్మదిగా మూసి నెమ్మదిగా తెరవండి. పిల్లులు తిరిగి అలాగే చేస్తాయని 2020లో ఇంగ్లండ్ పరిశోధకులు పరీక్షించి చెప్పారు. మిను కొన్నిసార్లు చేస్తుంది. కొన్నిసార్లు మొహం తిప్పుకుని పోతుంది. అదీ బాగానే ఉంటుంది.

పోయిన రామభజనానికి వెళ్లాను. మోకాళ్ల నొప్పులు నిజంగానే ఉన్నాయి, అందుకని దీపం చుట్టూ తిరగలేదు, కుర్చీలో కూర్చుని తాళం వేశాను. మధ్యలో ఒక కుర్రవాడు చేయి పట్టి లేపి నన్నూ రెండు చుట్లు తిప్పాడు. వద్దనలేదు.

ఇంటికి వచ్చేసరికి తెల్లవారింది. మిను గుమ్మంలో కూర్చుని, ఇంత ఆలస్యమేమిటని అరుస్తోంది. సొంత ఇంటికి వెళ్తుంటే పిల్లి ఎదురొచ్చింది. ముందు దానికి తిండి పెట్టి, తర్వాత దీపం పెట్టాను.